దియమాంతె ప్లానింగు, నాన్న వేలిముద్రలు

ఇటలీ వెళ్దామనుకుంటున్నాం అని చెప్తే చాలు, మా గుంటూరు బ్రాడీపేటలో ఎవరైనా సరే వెంటనే వెనిస్ అంటారు, పడవెక్కి ఫొటో దిగకుండా రావద్దు అంటారు, ఇంకాస్త తెలిసినోళ్ళయితే రోము, ఆ ఒరిగిపోయిన గోపురం. కాదండీ మేం వెళ్ళేది దియమాంతె అంటే మాత్రం మొహం అదోలా పెడతారు. మా ఆఫీసు కింద జిరాక్స్ షాపాయన అయితే "వజ్రాలు కొనటానికా మేడం, సూరత్ లో చవగ్గా వస్తాయిగా" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఇటాలియన్ లో దియమాంతె అంటే వజ్రమే. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు మన పాత గుంటూరు జిల్లాలోదే, ఇప్పుడు పులిచింతల నీళ్ళల్లో ఉంది, కాబట్టి వజ్రాల ఊరు మనకేం కొత్త కాదు. కానీ మేం వెళ్ళేది వజ్రాలకి కాదు, మిరపకాయలకి. అవును, గుంటూరు నుంచి మిరపకాయలు చూట్టానికి ఇటలీ వెళ్తున్నాం. నవ్వుకోండి, మా అత్తగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఇటలీ మ్యాప్ బూటులాగా ఉంటుంది కదా, ఆ బూటు బొటనవేలు దగ్గర కలాబ్రియా అని ఒక రాష్ట్రం. దాని పడమటి తీరంలో ఈ ఊరు, జనాభా ఐదు వేలు అటూ ఇటూగా, అంటే మా బ్రాడీపేట నాలుగైదు లైన్లు కలిపితే అంతమందిమి ఉంటామేమో. ఆ ఊళ్ళో ప్రతి ఏడాదీ సెప్టెంబర్ లో నాలుగైదు రోజుల పాటు మిరపకాయల పండగ జరుగుతుంది. సముద్రం పక్కన రోడ్డు పొడుగునా స్టాళ్ళు, మిరపకాయ దండలు, మిరపకాయ జాము, మిరపకాయ చాక్లెట్, మిరపకాయ ఐస్‌క్రీం కూడా అంట. తరిగిన మిరపకాయలు ప్లేట్ల లెక్కన తినే పోటీ ఒకటి పెడతారు. ఆ పోటీ సంగతి చెప్తే మా నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అన్నం, నెయ్యి ఏం లేకుండానా?"

అసలు ఇదంతా మొదలైందే నాన్న వల్ల. ఆయన మన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 36 ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, ఒక కాయ తీసి, తుంచి, వాసన చూసి, గింజ వైపు ఒకసారి చూసి ఇది తేజ, ఇది 334, ఇది పోయినేడు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు అని చెప్పేసేవాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొయ్యకి తగిలిస్తే మేం తుమ్ములు. చిన్నప్పుడు నాకు సాయంత్రం ఆరున్నర అయ్యిందని గడియారం చూడకుండా తెలిసేది, ముక్కులో చురుక్కుమంటే నాన్న వచ్చినట్టే. పోయిన ఎండాకాలం ఒకరోజు మామిడికాయ పప్పు తింటా నా ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాడు, ఒక సందు, తెల్ల గోడలు, బాల్కనీల్నించి ఎర్రెర్రగా మిరపకాయ దండలు వేలాడుతున్నాయి, వెనకాల నీలంగా సముద్రం. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇదెక్కడమ్మాయ్?"

"ఇటలీ నాన్నా."

"వాళ్ళకెందుకు మిరపకాయలు?" అని, మళ్ళీ ఆయనే కాసేపు చూసి "వానొస్తే ఏం చేస్తారు, అట్టా బయట వేలాడదీస్తే?" అన్నాడు.

మన దగ్గర కళ్ళంలో పట్టాలేసి ఆరబోస్తారు, సాయంత్రం మంచు పడకుండా కప్పుతారు, పొద్దున్నే మళ్ళీ విప్పుతారు, మబ్బు పడితే రైతు గుండె కళ్ళంలోనే ఉంటుంది. వాళ్ళేమో సూదీ దారం తీసుకుని తొడిమల్లో గుచ్చి దండ కట్టి ఎండా గాలీ తగిలే చోట వేలాడదీస్తారు. ఇది చెప్తే నాన్న ఒక నిమిషం ఆలోచించి "అంటే తొడిమ తియ్యరన్నమాట" అన్నాడు. ఆ గొంతులో ఎంత జాలి ఉందో. తొడిమ తీసిన కాయకి రేటు వేరు కదా మరి. ఆ రోజు నుంచి వారానికొకసారి ఆ డైమండు ఊరి కబురేంది అని అడగటం, నేనేదో చదివి చెప్పటం. ఆరు నెలలు అట్టా గడిచాక మా ఆయనే అన్నాడు, ఇంతిదిగా చదువుతున్నావ్, వెళ్ళొస్తే పోలా అని. ఆయనకి గుర్తు చేస్తూ ఉంటాను అప్పుడప్పుడూ, ఈ ఖర్చుకి మొదటి ముద్దాయి మీరేనండీ అని.

చదివినదాంట్లో నాన్నకి అస్సలు మింగుడు పడని సంగతి ఒకటుంది. ఆ పండగ 1992లో మొదలుపెట్టారు, ఎందుకంటే కొలంబస్ అమెరికా చేరింది 1492, సరిగ్గా 500 ఏళ్ళని. మిరపకాయ అక్కడిది. అక్కణ్ణించి స్పెయిన్ కొచ్చి, ఇటలీకి పోయి, ఇటు పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మనోళ్ళకి కారం అంటే మిరియాలే, ఆ మిరియం మాట నుంచే మిరప వచ్చిందంటారు. "మిరపకాయ మనది కాదంటావేందమ్మా" అని నాన్న రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలా. సన్న రకం మిరపకాయలకి గుంటూరు పేరుతో జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకే అనే గుర్తింపు ఉంది, ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు అని బోర్డులు పెట్టుకున్నాం, ఇప్పుడొచ్చి మనది కాదంటే ఎట్టా. నేనన్నాను, కాదు నాన్నా, వాళ్ళకీ మనకీ ఒకే పుట్టింటి నుంచి వచ్చిన కోడలు, ఎవరింట్లో వాళ్ళు కారం నేర్పుకున్నారు అని. మూడో రోజు మాట్లాడాడు. "అయితే వాళ్ళ కాయ ఏ రకం?"

దానికి దియవోలిక్కియో అని పేరు, చిన్న దయ్యం అని అర్థం. పొట్టిగా ఉంటుంది. పొట్టి కాయ అనేసరికి నాన్నకి కొంచెం గౌరవం పెరిగింది, పొట్టిదాంట్లోనే ఘాటుంటుందని ఆయన నమ్మకం.

సరే ప్లానింగుకి వద్దాం. మొదట ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాం, పేరెందుకు లెండి. ఆ కుర్రాడు 11 రోజుల్లో 7 దేశాలు అని ఒక రంగుల కాయితం ఇచ్చాడు, రోజూ ఇండియన్ డిన్నర్ అంట. నాన్నకి 68 ఏళ్ళు, కుడి మోకాలు సరిగ్గా లేదు, పొద్దున్నే ఆరింటికి లేపి బస్సెక్కించి ఏదో గంట కొట్టే గడియారం ముందు ఐదు నిమిషాలు నిలబెట్టి మళ్ళీ బస్సెక్కిస్తే ఆ మనిషికి ఏం గుర్తుంటుంది? ఒకటే ఊరు, ఐదు రాత్రులు అని చెప్తే ఆ కుర్రాడు నా వైపు జాలిగా చూసి "ఆ ఊళ్ళో ఏముంది మేడం" అన్నాడు. ఏం లేకపోవటమే కదా మాకు కావాల్సింది.

సముద్రం పక్కన చిన్న ఊరంటే ఇంటర్నెట్ అంతా చింక్వె తెర్రె చూపిస్తుంది, ఉత్తరాన కొండ అంచుల మీద ఐదు ఊళ్ళు. ఫొటోలు చూస్తే నిజంగా కళ్ళు తిరుగుతాయి, కాకపోతే అందులో కొర్నిల్యా అనే ఊరికి స్టేషన్ నుంచి పైకి వెళ్ళాలంటే 370 పైన మెట్లు. మంగళగిరి కొండ మెట్లెక్కలేకే నాన్న కింద నుంచే పానకాల స్వామికి దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. అమాల్ఫీ వైపూ అంతే, ఊరంతా మెట్లే, పైగా రేట్లు. దియమాంతెలో పాత ఊరు సముద్రంలోకి కొంచెం ముందుకొచ్చిన రాతి మీద ఉంటుంది గానీ మరీ నిటారు కాదు, మెల్లగా నడుచుకుంటూ పోవచ్చు. ఇంకొకటి, గోడలు. 1981లో నానీ రజెట్టి అనే పెయింటర్ మొదలుపెట్టాడంట, పెచ్చులూడిపోయిన పాత ఇళ్ళ గోడల మీద బొమ్మలేద్దామని, బోలెడుమంది ఆర్టిస్టులొచ్చి వేశారు, ఇప్పుడు ఏ సందులోకెళ్ళినా గోడ మీద ఏదో ఒక బొమ్మ. మా అమ్మాయికి ఇదొక్కటీ నచ్చింది, మిరపకాయలంటే దానికి విసుగు, పిజ్జా మీద చల్లుకునే ఆ పొట్లం తప్ప.

పిజ్జా అంటే గుర్తొచ్చింది, అక్కడ పెపెరోని పిజ్జా అడిగితే క్యాప్సికం వేసిస్తారు. పెపెరోని అంటే ఇటాలియన్ లో క్యాప్సికమే. ఇది మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు, అక్కడే చూద్దాం.

హోటల్ బుకింగ్ నేనే చేశాను, అందరికీ ట్యాక్స్ రిటర్నులు వేసేదాన్ని ఒక రూము బుక్ చెయ్యలేనా అని. యాప్ లో దియమాంతె అని కొట్టా, సముద్రం పక్కనే, బాల్కనీ, బ్రేక్‌ఫాస్ట్ తో, రేటు చూస్తే నమ్మలేనంత తక్కువ. బుక్ చేసేసి రాత్రి పది గంటలకి అందరికీ స్క్రీన్‌షాట్లు పంపి గొప్పలు పోయాను. పొద్దున్నే మా ఆయన ట్రైన్ టైములు చూస్తా చూస్తా "ఏంటిది, ఊళ్ళో దిగాక హోటల్ కి ఇంకా తొమ్మిది గంటలు చూపిస్తోంది?" అన్నాడు. చూస్తే అది హోటల్ పేరు దియమాంతె, ఊరు కాదు, ఉన్నది అటుపక్క అడ్రియాటిక్ సముద్రం మీద. గుంటూరు అనుకుని గూడూరులో రూమ్ తీసుకున్నట్టు అయింది. మన దగ్గర డైమండ్ అని లాడ్జి లేని ఊరుందా, అక్కడా అంతే. ఫ్రీ క్యాన్సిలేషన్ కాబట్టి డబ్బులు పోలేదు, పరువు పోయింది, ఇప్పుడు ఇంట్లో నేను ఏది కన్ఫర్మ్ అన్నా "ఏ సముద్రం మీద?" అని అడుగుతున్నారు. తర్వాత ఆ ఊళ్ళోనే ఒక రెండు గదుల ఇల్లు దొరికింది, కిచెన్ ఉంది, అది ముఖ్యం, ఎందుకో చెప్తా.

దారి ఇట్టా. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రోము. ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీ స్టేషన్ కి డైరెక్ట్ ట్రైను, 32 నిమిషాలు, 14 యూరోలు. ఆ రాత్రికి రోములోనే పడుకుని పొద్దున్నే దక్షిణానికి పోయే ట్రైనెక్కి నేపుల్స్ దాటి పావొలా అనే స్టేషన్ లో దిగాలి, అక్కడ చిన్న లోకల్ ట్రైన్ మారాలి. తెనాలిలో దిగి రేపల్లె పాసింజర్ పట్టుకున్నట్టే అని నాన్నకి చెప్తే ఒక్క ముక్కలో అర్థమైపోయింది, "టీ దొరుకుద్దా అక్కడ" అన్నాడు. ఆ లోకల్ ట్రైన్లకి కాయితం టికెట్ తీసుకుంటే ఎక్కే ముందు స్టేషన్లో మిషన్ లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే టికెట్ ఉన్నా ఫైనే. ఇంకా వాళ్ళకి షోపెరో అని ఒకటుంది, సమ్మె. మన బంద్ లాంటిదే గానీ ముందే తేదీ చెప్పి చేస్తారు, మామూలు రోజుల్లో అయితే పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య లోకల్ ట్రైన్లు కొన్ని గ్యారంటీగా నడుపుతారు. అంత పద్ధతైన సమ్మె నేనెక్కడా వినలేదు.

భోజనం టైములే తంటా. మధ్యాహ్నం షాపులు మూసేసి నిద్రపోతారు, అది మనకి ఓకే, మే నెల గుంటూరులో మనం చేసేది అదే. కానీ రాత్రి హోటళ్ళలో వంట మొదలయ్యేదే ఏడున్నరకి, చాలాచోట్ల ఎనిమిది. నాన్న ఏడింటికి మజ్జిగన్నం తిని తొమ్మిదికి గురక పెట్టే మనిషి. అందుకే కిచెన్ ఉన్న ఇల్లు. పైగా అక్కడి ఫేమస్ కారం ఐటెం ఎన్దూయా అనేది పందిమాంసం, మిరపకాయలు కలిపి చేసేది, రొట్టె మీద రాసుకుంటారు, మా ఇంట్లో అది నడవదు. కానీ వంకాయ ముద్దలు వేయించి పెడతారంట, అవి దొరికితే చాలు, వెల్లుల్లి నూనె మిరపకాయ వేసిన పాస్తా ఉంది, చేపలున్నాయి. నాకు బాగా ఊరించింది మాత్రం క్రుస్కి. తియ్య మిరపకాయలు ఎండబెట్టి నూనెలో ఒక్క క్షణం వేయించి తీస్తే కరకరలాడతాయి. చదువుతుంటేనే చల్ల మిరపకాయలు గుర్తొచ్చి పప్పన్నం కలుపుకోవాలనిపించింది, అక్కడ పప్పు ఎట్టా అనేది తర్వాత చూద్దాం.

అమ్మ మొదట రానంది. సెప్టెంబర్ అంటే వినాయక చవితి, పూజ ఎవరు చేస్తారు, ఉండ్రాళ్ళు ఎవరు పోస్తారు. ఆమెని ఒప్పించింది మిరపకాయ కాదు, మాదీఫలం. ఆ తీరానికి పేరే మాదీఫలాల తీరం. పక్క ఊళ్ళల్లో తోటలున్నాయి, యూదుల గురువులు ప్రతి ఎండాకాలం ఎక్కడెక్కణ్ణించో వచ్చి తమ పండగ కోసం మచ్చ లేని కాయలు ఒక్కొక్కటే చూసి ఏరుకుని పట్టుకెళ్తారు. అమ్మమ్మకి పైత్యం చేసినప్పుడు మాదీఫల రసాయనం తాగించేవాళ్ళు కదా, ఆ కాయలే. ఎండుద్రాక్షలో ఆ మాదీఫలం తొక్క ముక్కలు కలిపి, దాని ఆకుల్లోనే పొట్లం కట్టి, కాల్చి అమ్ముతారు అని చెప్తే అమ్మ "ఆకులో చుట్టి కాలుస్తారా, మంచి వాసనొస్తుందే" అంది. అంతే, పూజ మా పిన్నికి అప్పజెప్పింది.

ఒప్పుకున్న మరుసటి రోజు నుంచి ఆమె సామాన్ల లిస్టు. అర కిలో నెయ్యి, దోసెడు కరివేపాకు. నెయ్యి కుదరదమ్మా, బయటి దేశాల నుంచి పాలు, వెన్న, నెయ్యి, మాంసం యూరప్ లోకి రానివ్వరు, పచ్చి ఆకులకీ కాయితాలుండాలి అంటే, నెయ్యి ఆపటానికి వాళ్ళెవరు అని ఒక గంట. చివరికి కందిపొడి, ఆవకాయ దగ్గర రాజీ పడ్డాం, నెయ్యి లేని కందిపొడి ఏం తింటారే అని ఇప్పటికీ గొణుగుతోంది.

ఇక వీసా. ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సెంటర్ వాళ్ళ చార్జీలు అదనం, 30 వేల యూరోలకి తగ్గకుండా ఇన్సూరెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు. ఆరు నెలల ముందు నుంచీ వేసుకోవచ్చు, 15 రోజుల ముందు వరకే టైము. అరండల్‌పేటలో కూర్చుని ఊళ్ళో సగం మందికి రిటర్నులు వేసే నేను మా నాన్నకి ఒక్క ఏడాది కూడా వెయ్యలేదని అప్పుడు తెలిసింది. ఆదాయం లేదుగా అని వదిలేశా. ఇప్పుడు నిల్ రిటర్న్ వేశా, ఖర్చంతా కూతురిదే అని లెటర్ రాశా. రాసేటప్పుడు ఆయన పక్కన కూర్చుని "కూతురు పోషిస్తోంది అని రాయమాక, ప్రయాణం ఖర్చు వరకే అని రాయి" అన్నాడు. అట్టాగే రాశాను.

కాయితాలన్నీ అయ్యాక మిగిలింది వేలిముద్రలు. బయోమెట్రిక్ కి వచ్చే బుధవారం హైదరాబాద్ వెళ్ళాలి, ఒకసారి ఇస్తే దాదాపు ఐదేళ్ళు పనికొస్తాయి. కానీ నాన్న ముద్రలు పడవు. ఆధార్ అప్పుడు నాలుగుసార్లు పెట్టించారు, రేషన్ షాపులో మిషను ప్రతి నెలా ఎర్ర లైటే, చివరికి అమ్మ వేలు పెట్టి తెచ్చుకుంటుంది. 36 ఏళ్ళు కాయలు తుంచిన బొటనవేలు, చూపుడువేలు, ఆ కొసలు అద్దంలాగా నున్నగా ఉంటాయి, గీతే కనపడదు. ముద్రలు తీయటం అసలు వీలుకానివాళ్ళకి మినహాయింపు ఉందని చదివి ఆయన్ని ఊరుకోబెడదామని చెప్పా. ఆయనకి కోపమొచ్చింది. "చేతులు లేనోళ్ళకి పెట్టిన రూలు నాకెందుకు?"

ఎవరు చెప్పారో ఏమో, పదిరోజుల నుంచీ రోజూ రాత్రి టీవీ ముందు కూర్చుని చిన్న గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకుని పది వేళ్ళకీ పట్టిస్తున్నాడు. ఒక్కో వేలు విడివిడిగా, తీరిగ్గా. మధ్యలో లైటు కింద పెట్టి గీతలు వస్తున్నాయా అని చూసుకుంటాడు. మాది తూర్పు సముద్రం, సూర్యలంకలో సూర్యుడు నీళ్ళల్లోంచి పైకి రావటమే చూశాం, అక్కడ పడమటి సముద్రం నాన్నా, పొద్దు నీళ్ళల్లో మునుగుతుంది అని చెప్తే "ముద్రలు పడనీ, అప్పుడు చూద్దాం మునిగేదీ తేలేదీ" అంటాడు.

నిన్న సాయంత్రం మా పెద్దాడపడుచు వాళ్ళ పొలం నుంచి కొత్త తేజ కాయ ఒక సంచీ పంపింది. నాన్న అప్పుడే నూనె రాసుకుని కూర్చున్నాడు. చూస్తా ఊరుకోలేకపోయాడు, సంచీలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి టక్కున తుంచాడు, వాసన చూశాడు, గింజ చూశాడు. తర్వాత టీవీలో ఏదో చూస్తా అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. 36 ఏళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా చెయ్యని పొరపాటు. అమ్మ చెంబుతో నీళ్ళు కొడతా తిడతా ఉంది, ఆయన ఒక కన్ను మూసుకుని నీళ్ళు కారుస్తా, ఇంకో కంటితో చేతిలో ఉన్న కాయ ముక్కని చూస్తా, "మంచి కాయమ్మాయ్, దీని రెండు పొట్లాలు ఆ సామాన్లలో పెట్టు, తొడిమలు నేను తీసిస్తా" అన్నాడు.